కుంగ్‌ఫూ సినిమా బ్రూస్‌లీతోనే మొదలైందా?

పాతరీలు

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. పోయిన ఆదివారం ఇద్దరం కూర్చుని ‘ఎంటర్ ది డ్రాగన్’ చూశాం. అయిపోయాక “నాన్నా, ఇలాంటి సినిమాలు మొట్టమొదట ఎవరు తీశారు?” అని అడిగింది. బ్రూస్‌లీ అని చెప్పేశాను. రాత్రి పడుకున్నాక అనుమానం పట్టుకుంది. అది 1973 నాటి సినిమా. అందులో పక్కన దెబ్బలు తినే కుర్రాళ్లు కూడా అప్పటికే ఆరితేరిన వాళ్లలా పడుతున్నారు, లేస్తున్నారు. వాళ్లకి ఆ పని ఎవరు నేర్పారు?

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక పాకలో వీడియో ఆడించేవారు. చాపల మీద కూర్చుని చూసేవాళ్లం. మాటలు ఒక్క ముక్క అర్థం కాకపోయినా కథ మొత్తం తెలిసిపోయేది. బయటికొచ్చాక వీధి వీధంతా కాళ్లు గాల్లోకి లేచేవి. ఆ సినిమాలు మా పాక దాకా ఎలా వచ్చాయో ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆలోచించలేదు. తెలిసినవాళ్లు చెప్పండి. అమ్మాయికి సరైన జవాబు చెప్పాలి.

కొత్తబియ్యం

మూలం చైనాలోని షావోలిన్ గుడి కదండీ. అక్కడి సన్యాసులకి యుద్ధవిద్య నేర్పింది మన దేశం నుంచి వెళ్లిన బోధిధర్ముడు. ‘సెవెన్త్ సెన్స్’ సినిమాలో చూపించారు కూడా. కాబట్టి అమ్మాయికి మన దగ్గరే పుట్టిందని చెప్పండి.

కర్రసాము

తమ్ముడూ, నేను నెల్లూరులో పాతికేళ్లుగా కరాటే నేర్పుతున్నాను. మొదట్లో నా క్లాసులో నేనూ ఇదే చెప్పేవాణ్ణి. తర్వాత చదువుకుని మానేశాను.

షావోలిన్ సన్యాసులు యుద్ధం చేసిన మాట నిజం. 621లో వాళ్లు లీ షిమిన్ పక్షాన నిలబడ్డారు. ఆ తర్వాత ఆయనే చైనాని ఏలిన తాంగ్ వంశ చక్రవర్తి అయ్యాడు. 728లో చెక్కించిన రాతి శాసనం ఆ గుళ్లో ఇప్పటికీ ఉంది. కానీ అందులో యుద్ధవిద్యకు సంబంధించి బోధిధర్ముడి ప్రస్తావన లేదు. ఆయన వ్యాయామం నేర్పాడన్న మాట 1624 నాటి ఒక గ్రంథం ముందుమాటలో మొదటిసారి కనిపిస్తుంది. అంటే ఆయన కాలానికి వెయ్యేళ్ల తర్వాత. ఆ ముందుమాట కల్పితమని చైనా చరిత్రకారులే తేల్చారు. బోధిధర్ముడు ధ్యానమార్గానికి గురువు. ఆ గౌరవం ఆయనకి చాలు. చేయని పని ఆయన పేరున రాయక్కర్లేదు.

సినిమాలో చూసే కొట్లాటకి మూలం గుడిలో తక్కువ, నాటకశాలలో ఎక్కువ. దాని సంగతి ఎడిటింగ్‌టేబుల్ గారికి బాగా తెలుసు. ఆయన్ని రమ్మందాం.

కొత్తబియ్యం

థాంక్యూ మాస్టారూ, శాసనం సంగతి నాకు తెలియదు. నాటకశాల అంటే?

ఎడిటింగ్‌టేబుల్

పిలిచినందుకు సంతోషం మాస్టారూ. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఇది హాంకాంగ్‌లో కూడా మొదలవలేదు, షాంఘైలో మొదలైంది. 1928లో మింగ్‌షింగ్ కంపెనీ ‘ఎర్ర తామర గుడి దహనం’ అనే సినిమా తీసింది. కత్తి వీరులు గాల్లో ఎగరడం, అరచేతుల్లోంచి మెరుపులు రావడం, ఇవన్నీ అందులో ఉండేవి. మన విఠలాచార్య గారి జానపదాలు గుర్తు చేసుకోండి, ఆ వరస. జనం విరగబడి చూశారు. మూడేళ్లలో 18 భాగాలు తీశారు. తెర మీద కత్తులు తిరుగుతుంటే ప్రేక్షకులు నిజంగా యుద్ధంలో ఉన్నట్టే అరిచేవారని మావో డున్ అనే రచయిత 1933లో రాశాడు. అప్పటికే ప్రభుత్వం 1931లో ఈ రకం సినిమాలను నిషేధించింది. మూఢనమ్మకాలు పెంచుతున్నాయన్నది వాళ్ల కారణం. ఆ 18 భాగాల్లో ఒక్కటి కూడా ఇప్పుడు చూడటానికి లేదు. ఎడిటింగ్ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. ఒక తరం మొత్తం మురిసిపోయి చూసిన బొమ్మ, ఒక్క రీలు మిగల్లేదు.

నిషేధం, ఆపైన యుద్ధం, అంతర్యుద్ధం. దాంతో జనం, డబ్బు, కళాకారులు దక్షిణానికి హాంకాంగ్‌కి తరలిపోయారు. 1949లో అక్కడ వాంగ్ ఫే హుంగ్ సినిమాలు మొదలయ్యాయి. ఈ వాంగ్ ఫే హుంగ్ నిజంగా బతికిన మనిషి. 1847లో పుట్టి 1925లో పోయాడు. వైద్యుడు, యుద్ధవిద్య గురువు. ఆ పాత్ర వేసిన క్వాన్ తక్ హింగ్ కాంటొనీస్ (హాంకాంగ్‌లో మాట్లాడే చైనీస్ భాష) నాటకాల నటుడు. డెబ్బైకి పైగా సినిమాల్లో అదే పాత్ర వేశాడాయన! వాటిలో పదే పదే విలన్‌గా వచ్చినాయన షి కియెన్. పాతరీలు గారూ, మీరు మీ అమ్మాయితో ఆయన్ని చూశారు. ‘ఎంటర్ ది డ్రాగన్’లో ఇనప చెయ్యి పెట్టుకుని అద్దాల గదిలో బ్రూస్‌లీతో తలపడే హాన్ ఆయనే.

ఇక గురుశిష్య పరంపర. వాంగ్ ఫే హుంగ్ శిష్యుడు లామ్ సాయ్ వింగ్. ఆయన శిష్యుడు లావ్ చామ్. ఈ లావ్ చామ్ ఆ పాత సినిమాల్లో తన గురువు లామ్ సాయ్ వింగ్ పాత్రే వేశాడు. ఆయన కొడుకు లావ్ కార్ లియుంగ్ మొదట ఫైట్ మాస్టరై, తర్వాత దర్శకుడై 1978లో ‘షావోలిన్ 36వ గది’ అనే సినిమా తీశాడు. ఒక నిజమైన గురువు విద్య మూడు తరాలు దాటి నేరుగా తెరకెక్కింది. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

నాటకశాల గురించి మళ్లీ రాస్తాను. షిఫ్ట్‌కి టైమైంది.

డ్రాగన్_ఓరుగల్లు

ఇదంతా ఉన్నదే కావచ్చన్నా. కానీ బ్రూస్‌లీని తక్కువ చేస్తే ఊరుకోను. ఆ నాటకాల కొట్లాట వేరు, ఆయన కొట్టింది వేరు. నాటకం ఫైట్‌లో యాభై దెబ్బలకి ఒకడు పడతాడు. బ్రూస్‌లీ మూడు దెబ్బల్లో ముగిస్తాడు. కొట్టే ముందు ఆగుతాడు చూడండి, ఆ ఆగడంలోనే ప్రాణం ఉంటుంది.

అమెరికాలో మంచి వేషాలివ్వకపోతే తిరిగొచ్చి, 1971లో థాయ్‌లాండ్‌లోని ఒక చిన్న ఊళ్లో ‘బిగ్ బాస్’ చేశాడు. హాంకాంగ్ వసూళ్ల రికార్డులన్నీ పోయాయి. 1972లో రెండు సినిమాలు. 1973 జూలై 20న చనిపోయాడు, 32 ఏళ్లకే. ‘ఎంటర్ ది డ్రాగన్’ విడుదల కూడా చూడలేదు. రెండేళ్లలో నాలుగు సినిమాలతో ప్రపంచాన్ని తిప్పేశాడు.

ఒక్క విషయం చెప్తాను. బోస్నియాలో మోస్టార్ అని ఒక ఊరుంది. 1990ల యుద్ధంలో రెండుగా చీలిపోయిన ఊరు. ఏ నాయకుడి విగ్రహం పెట్టినా ఒక వర్గానికి నచ్చదు. అందుకని అక్కడి యువకులు బ్రూస్‌లీ విగ్రహం పెట్టారు. ఆయన్ని రెండు వైపుల పిల్లలూ ప్రేమించారు కాబట్టి. 2005 నవంబరులో, హాంకాంగ్‌లో విగ్రహం పెట్టడానికి సరిగ్గా ఒక్క రోజు ముందు దాన్ని ఆవిష్కరించారు. ఇంకెవరికి దక్కింది ఆ గౌరవం?

కర్రసాము

డ్రాగన్ తమ్ముడూ, ఆయన్ని ఎవరూ తక్కువ చేయట్లేదు. నేను కరాటేలో చేరిందే ఆయన పోస్టర్ చూసి. అప్పట్లో మా జిల్లాలో ఏ క్లాసుకి వెళ్లినా గోడ మీద ఆ బొమ్మ ఉండేది. ఆ గిరాకీ చూసి డబ్బు కోసం బెల్టులు అమ్మేవాళ్లూ పుట్టారు. నా మొదటి రెండేళ్లు అలాంటి చోటే పోయాయి. రెండు బెల్టులు వచ్చాయి కానీ సరిగ్గా నిలబడటం కూడా రాలేదు. తర్వాత ఒక మంచి గురువు దొరికి మళ్లీ మొదటి నుంచి నేర్పారు.

మన సినిమాల్లోనూ ఆ గాలి తగిలింది. సుమన్, భానుచందర్ ఇద్దరూ కరాటే నేర్చుకుని వచ్చిన హీరోలు. తర్వాత ‘తమ్ముడు’లో కిక్‌బాక్సింగ్, ‘భద్రాచలం’లో టైక్వాండో.

మొల్లపద్యం

ఇంతసేపూ మగవాళ్ల పేర్లే వినిపిస్తున్నాయి. నేనొక మాట చెప్పొచ్చా?

1966లో కింగ్ హూ తీసిన ‘కమ్ డ్రింక్ విత్ మి’లో కథ నడిపేది ఒక అమ్మాయి. పేరు బంగారు పిచ్చుక. మగవేషంలో పూటకూళ్ల ఇంటికొచ్చి కూర్చుంటుంది. చుట్టూ దొంగలు ఒక్కొక్కరే చేరతారు. ఆమె తొణకదు. ఆ సీన్‌లో ఎంతసేపటికీ ఎవరూ కత్తి దూయరు, మనకి మాత్రం గుండె ఆగిపోతుంది. ఆ పాత్ర వేసిన చెంగ్ పే పే అసలు నేర్చుకున్నది బ్యాలే నాట్యం. దర్శకుడికి కావాల్సింది కూడా అదే లయ.

1973 మే నెలలో అమెరికాలో ఒక వారం వసూళ్ల పట్టికలో మొదటి మూడు స్థానాల్లోనూ హాంకాంగ్ కుంగ్‌ఫూ సినిమాలే ఉన్నాయి. ‘ఎంటర్ ది డ్రాగన్’ అప్పటికింకా రాలేదు! ఆ మూడింటిలో ఒకటి బ్రూస్‌లీది, ఒకటి లో లియే అనే నటుడిది, మూడోదాంట్లో ముఖ్యపాత్ర ఏంజెలా మావోది. ఆమె కూడా చిన్నప్పటి నుంచి నాటకశాలలో శిక్షణ పొందినామే. ‘ఎంటర్ ది డ్రాగన్’లో బ్రూస్‌లీ చెల్లెలిగా కొద్ది నిమిషాలే కనిపిస్తుంది, అంతే మన వాళ్లకి తెలుసు. అప్పటికి ఆమె తన పేరు మీద సినిమా నడిపించగల నటి.

పాతరీలు గారూ, మీ అమ్మాయికి ఈ ఇద్దరి పేర్లూ చెప్పండి. 2000లో వచ్చిన ‘క్రౌచింగ్ టైగర్’లో చెంగ్ పే పే విషం ప్రయోగించే గురువుగా మళ్లీ కనిపిస్తుంది. అదే సినిమాలో ఉన్న మిషెల్ యో మలేషియాలోని ఇపో ఊరి పిల్ల. ఆమె కూడా నాట్యం నుంచి వచ్చినదే. 2023లో ఆస్కార్ ఉత్తమ నటి. ఆ రాత్రి నేను ఆనందంతో ఏడ్చాను.

పాతరీలు

అక్కా, తప్పకుండా చెప్తాను. ఇంకా నా రెండో ప్రశ్న మిగిలే ఉంది. ఇవన్నీ మా పాక దాకా ఎలా వచ్చాయి?

చాంగీ_తెలుగు

దానికి నేను చెప్పగలను. సింగపూర్‌లో పదిహేనేళ్లుగా ఉంటున్నాను.

షా సోదరులని విని ఉంటారు. 1925లో పెద్దన్న రున్జే షా షాంఘైలో కంపెనీ పెట్టాడు. తమ్ముళ్లు ఇక్కడికి, సింగపూర్, మలయాకి వచ్చి హాళ్లు కట్టారు. ఊరూరికీ తెర, ప్రొజెక్టర్ మోసుకెళ్లి చూపించేవారు. అంటే మొదట హాళ్లు చేతిలో పెట్టుకున్నారు, తర్వాత సరుకు తయారీకి దిగారు. చిన్నవాడు రన్ రన్ షా హాంకాంగ్ వెళ్లి క్లియర్‌వాటర్ బే దగ్గర కొండల్ని చదును చేసి స్టూడియో కట్టాడు. 1961లో తెరిచారు. సెట్లు, దుస్తులు, ల్యాబ్, నటులు ఉండే గదులు, అన్నీ లోపలే.

1967లో చాంగ్ చే తీసిన ‘ఒంటిచేతి ఖడ్గవీరుడు’ హాంకాంగ్‌లో పది లక్షల హాంకాంగ్ డాలర్లు వసూలు చేసిన మొదటి స్థానిక సినిమా. షా కంపెనీ జపాన్ సమురాయ్ సినిమాలు తెప్పించి తన దర్శకులకి చూపించేది. జపాన్ నుంచి సాంకేతిక నిపుణుల్నీ తెచ్చుకుంది. మొల్లపద్యం గారు చెప్పిన 1966 సినిమాకి కెమెరా నిషిమోటో తదాషి అనే జపాన్ ఆయనది. ఆయనే 1972లో బ్రూస్‌లీ ‘వే ఆఫ్ ది డ్రాగన్’కి కూడా పనిచేశాడు. ఈ కళకి ఒక్క దేశం పేరు రాయలేం.

అసలు కిటుకు వేరే ఉంది. ఈ సినిమాలకి సెట్లో మాటలు రికార్డు చేసేవారు కాదు, తర్వాత డబ్బింగ్ చెప్పేవారు. కాంటొనీస్ వాళ్లకి కాంటొనీస్, చైనా ప్రధాన భాష మాండరిన్ వాళ్లకి మాండరిన్, ఇంగ్లీషు కావాలంటే ఇంగ్లీషు. హాంకాంగ్ అప్పుడు బ్రిటిష్ పాలనలో ఉంది కాబట్టి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ కూడా వేసేవారు. సరుకు ముందే ఎగుమతికి సిద్ధంగా ఉండేది. ఖరీదు తక్కువ. అమెరికాలో నగరాల నడిబొడ్డున పాతబడిన హాళ్లకి చవగ్గా ఆడే సినిమాలు కావాలి. అక్కడి నల్లజాతి యువకులకి, తెల్లవాడు కాని హీరో అధికారం ఉన్నవాడిని ఎదిరించి కొడుతుంటే తమ కథలాగే అనిపించింది. ఇరవై ఏళ్ల తర్వాత న్యూయార్క్ కుర్రాళ్లు వూటాంగ్ క్లాన్ అని పేరు పెట్టుకుని 1993లో తెచ్చిన ర్యాప్ పాటల ఆల్బంలో ఆ సినిమాల మాటలే వినిపిస్తాయి. మీ పాకలో మాట అర్థం కాకపోయినా కథ అర్థమైంది అన్నారు చూడండి, ప్రపంచమంతా జరిగింది అదే.

ఎడిటింగ్‌టేబుల్

ఇప్పుడు నాటకశాల సంగతి.

పెకింగ్ ఆపెరా అంటే పాట ఒక్కటే కాదు. పాట, మాట, అభినయం, పోరాటం నాలుగూ రావాలి. మన సురభి వాళ్లు మాయాబజార్ ఆడుతూ స్టేజీ మీద మనుషుల్ని గాల్లో తేలుస్తారు కదా, పిల్లలు ఆ కుటుంబాల్లోనే పుట్టి ఆ పని నేర్చుకుంటారు కదా, అలాంటి క్రమశిక్షణకి పల్టీలు, కత్తిసాము కలపండి. హాంకాంగ్‌లో యూ జిమ్ యుయెన్ అనే గురువు ఒక బడి నడిపేవాడు. తల్లిదండ్రులు ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టి ఏళ్ల తరబడి పిల్లల్ని అక్కడ వదిలేసేవారు. తెల్లవారకముందే లేవాలి, తలకిందులుగా నిలబడాలి, తప్పు చేస్తే బెత్తం దెబ్బలు. జాకీచాన్ అక్కడ దాదాపు పదేళ్లు పెరిగాడు. సామో హుంగ్, యుయెన్ బియావ్, యుయెన్ వా అంతా అక్కడి పిల్లలే. ఆ దెబ్బల్ని నేను మెచ్చుకోను. పిల్లలు అలా పెరగకూడదు.

వాళ్లు పెద్దయ్యేసరికి ఆపెరాకి జనం తగ్గిపోయారు. చేతికొచ్చిన విద్యకి వేదిక లేదు. అదే సమయంలో స్టూడియోలకి పడగలిగే, దూకగలిగే కుర్రాళ్లు కావాలి. అందుకే పాతరీలు గారి మొదటి ప్రశ్నకి జవాబు ఇది: పక్కన దెబ్బలు తిన్న ఆ కుర్రాళ్లలో చాలామందిని తయారు చేసింది నాటకశాల. ‘ఎంటర్ ది డ్రాగన్’ మొదటి ఫైట్‌లో బ్రూస్‌లీ ఎదురుగా ఉన్న బొద్దు మనిషి సామో హుంగ్. గుహలో బ్రూస్‌లీ మెడ విరిచే కుర్రాళ్లలో ఒకడు జాకీచాన్.

డ్రాగన్ భయ్యా, మరోలా అనుకోకు. ఆ సినిమాలో బ్రూస్‌లీ కొట్టే పల్టీలు ఆయనవి కావు. అవి యుయెన్ వావి. ‘కుంగ్‌ఫూ హజిల్’లో ఇంటి ఓనర్‌గా వేసిన సన్నటాయన! ఇది బ్రూస్‌లీకి చిన్నతనం కాదు. ఆయనది పిడికిలి విద్య, ఇది వేరే విద్య. ఆయన తండ్రి లీ హోయ్ చువెన్ కూడా కాంటొనీస్ ఆపెరా నటుడే, బ్రూస్‌లీ పసితనం నుంచే కెమెరా ముందున్నవాడు. ఆ ఆగడం, ఆ చూపు, ముక్కు తుడుచుకోవడం, ఇవి నటుడి పనులు.

సాంకేతికంగా ఒక మాట. మామూలుగా సెకనుకి 24 ఫ్రేములు తీస్తాం. ఫైట్‌కి 22, 20 ఫ్రేములకి తగ్గించి తీస్తే తెర మీద వేగం పెరుగుతుంది. హాంకాంగ్ వాళ్లు దీన్ని కనిపెట్టనీయకుండా వాడేవారు. మనిషి మొత్తం కనిపించేలా దూరం నుంచి తీసేవారు, ఎందుకంటే వాళ్ల దగ్గర దాచాల్సింది లేదు. ఇప్పుడు మేం దెబ్బకో కట్ వేస్తున్నాం. నటుడికి రాదు కాబట్టి ముక్కలు చేసి అతికిస్తున్నాం. పాతవి చూసిన రోజు నా పని మీద నాకే కోపం వస్తుంది.

డ్రాగన్_ఓరుగల్లు

అన్నా, పల్టీల సంగతి నాకు తెలియదు. ఇప్పుడే ఆ భాగం మళ్లీ పెట్టి చూశాను. పల్టీలో ముఖం సరిగ్గా కనిపించదు. ముప్పై సార్లు చూసి ఉంటాను, ఎప్పుడూ గమనించలేదు. యుయెన్ వా గారికి దండం.

కొత్తబియ్యం

జాకీచాన్ సొంత దారి ఎప్పుడు పట్టాడండీ?

ఎడిటింగ్‌టేబుల్

బ్రూస్‌లీ పోయాక అందరూ ఇంకో బ్రూస్‌లీని చేయబోయారు. జాకీని కూడా. కుదరలేదు. 1978లో యుయెన్ వూ పింగ్ ఒకే ఏడు రెండు సినిమాలు తీసి దారి మార్చాడు, రెండోది ‘డ్రంకెన్ మాస్టర్’. అందులో జాకీ వేసింది మన వాంగ్ ఫే హుంగే! ముప్పై ఏళ్లు క్వాన్ తక్ హింగ్ గంభీరంగా వేసిన గురువుని, మాట వినని అల్లరి కుర్రాడిగా చూపించారు. తాగుబోతు గురువుగా దర్శకుడి తండ్రే నటించాడు. ఆ యుయెన్ వూ పింగ్‌నే 1999లో ‘మేట్రిక్స్’ వాళ్లు పిలిపించుకున్నారు. నటులకి నాలుగు నెలలు శిక్షణ ఇస్తేనే చేస్తానన్నాడు.

చాంగీ_తెలుగు

ఆ తర్వాత ప్రతి దేశం తన సొంత విద్యని బయటికి తీసింది. 2003లో థాయ్‌లాండ్ ‘ఓంగ్ బాక్’లో టోనీ జా ముయే థాయ్. నటుల్ని ఎగరేసే తీగలు లేవు, కంప్యూటర్ మాయ లేదు, మోచేతులు, మోకాళ్లే. 2011లో ఇండోనేషియా ‘రెయిడ్’లో ఇకో ఉవైస్ సిలాట్. దాని దర్శకుడు వేల్స్ దేశస్థుడు. ఉగాండాలో కంపాలా మురికివాడలో నబ్వానా అనే ఆయన ఇరుగుపొరుగు కుర్రాళ్లతో 2010లో కుంగ్‌ఫూ ఫైట్లున్న యాక్షన్ సినిమా తీశాడు. కంప్యూటర్ కూడా ఆయనే పాత విడిభాగాలతో తయారు చేసుకున్నాడు.

కర్రసాము

మన పక్కన కర్ణాటకలోని హంపీకి జాకీచాన్ వచ్చాడు, 2005లో వచ్చిన ‘ద మిత్’ షూటింగ్‌కి. విఠలాలయం రాళ్ల మధ్య ఆయన్ని తెర మీద చూసినప్పుడు నా శిష్యులు లేచి నిలబడ్డారు.

ఒక్క కోరిక. మన కర్రసాము, కత్తిసాము ఉన్నాయి. ఊరేగింపుల్లో పదహారేళ్ల పిల్లలు కర్ర తిప్పుతుంటే కర్ర కనబడదు, గాలి శబ్దమే వినబడుతుంది. వాళ్లని ఒక్కసారి పూర్తిగా ఫ్రేములో పెట్టి, కట్ లేకుండా తీసే దర్శకుడు రావాలి.

పాతరీలు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న ఆదివారం మొత్తం చదివి వినిపించాను. మా అమ్మాయి మొదట పల్టీలు వెతికింది. ఒక చోట ఆపి “ఇది ఆయన కాదు నాన్నా, భుజాలు చూడు” అంది. నోటు పుస్తకంలో యుయెన్ వా అని రాసుకుంది. కింద ఏంజెలా మావో, చెంగ్ పే పే. ఇప్పుడు పూటకూళ్ల ఇంటి సీన్ చూడాలంటోంది. మొల్లపద్యం అక్కా, ఏ భాషలో చూపించమంటారు?

మొల్లపద్యం

మాండరిన్‌లోనే పెట్టండి, కింద సబ్‌టైటిల్స్‌తో. ఇంగ్లీషు డబ్బింగ్ వద్దు. ఆ సీన్‌లో మాటల కన్నా మౌనమే ఎక్కువ. సౌండ్ కాస్త పెంచండి. చూశాక అమ్మాయి ఏమందో ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.